బోసినవ్వుకో బడ్జెట్

పాపాయి కోసం ఏమేం కొనాలి? అనగానే పెద్ద జాబితా సిద్ధమైపోతుంది. పాపాయి వచ్చాక ఇంటికి ఏమేం రాకుండా ఆగిపోతాయి? అన్న ప్రశ్న మాత్రం చాలామంది వేసుకోరు. పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి చుట్టుపక్కల షిఫ్టుల లెక్కన బతికే కుటుంబాలకు తొలి ఏడాది అసలు పరీక్ష పెట్టేది ఆ రెండో ప్రశ్నే!

ఊలు టోపీ, ఉయ్యాల, దోమతెర, గిలక్కాయ, చిట్టి సాక్సులు... ఇంట్లోకి ఓ బుజ్జాయి రాబోతోందని తెలిస్తే చాలు, జాబితా దానంతటదే పెరిగిపోతుంటుంది. అమ్మమ్మ ఒకటి చెబుతుంది. పక్కింటి అక్క రెండు కలుపుతుంది. టీవీలో ప్రకటన మరో నాలుగు గుర్తుచేస్తుంది. ఇన్ని రాసుకున్నా ఆ కాగితం మీద ఎప్పుడూ కనిపించని పద్దు ఒకటుంది. అదే... ఆగిపోయే జీతం.

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా వెళితే దారికి రెండు పక్కలా పరిశ్రమలే. 1960ల్లో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1970ల నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ విస్తరించింది. ఆ తర్వాత పాశమైలారం, బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం వైపు ఔషధ, రసాయన, ఇంజినీరింగ్ కర్మాగారాలు వరసకట్టాయి. నారాయణఖేడ్, జహీరాబాద్, మెదక్ పల్లెల నుంచీ, ఉత్తరాంధ్ర నుంచీ, బిహార్, ఒడిశా, ఝార్ఖండ్‌ల నుంచీ వచ్చిన వాళ్లంతా ఇక్కడే గది కిరాయికి తీసుకుని కాపురం పెడతారు. టౌన్‌షిప్‌లో క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి ఉన్న పర్మినెంటు ఉద్యోగి ఇంట్లో కాన్పు ఒక రకం. కాంట్రాక్టరు కింద పనిచేస్తూ, నాగా పెడితే ఆ రోజు కూలి పోయే ఇంట్లో కాన్పు మరో రకం. ఈ లెక్క ముఖ్యంగా రెండో ఇంటి కోసం.

ఒక ఇల్లు... ఒక లెక్క

ఉదాహరణకు ఇస్నాపూర్‌లో ఒక జంట ఉందనుకుందాం. భర్త మందుల కంపెనీలో హెల్పరు. కటింగులు పోను చేతికి 16 వేలు. భార్య ప్యాకింగు పని చేస్తుంది. ఆమె జీతం 12 వేలు. మొత్తం 28 వేలు. గది కిరాయి, కరెంటు 5,500. బియ్యం, పప్పులు, కూరగాయలు, గ్యాసు 9 వేలు. బస్సు, పెట్రోలు, ఫోను 2,500. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు పంపేది 3 వేలు. చిట్టీ 3 వేలు. చిల్లర ఖర్చులు 2 వేలు. అన్నీ కలిపితే 25 వేలు. నెలాఖరుకు చేతిలో మిగిలేది 3 వేలు. ఇవి నమూనా అంకెలు. ఎవరి ఇంటి అంకెలు వాళ్లు వేసుకోవాలి. కానీ లెక్క నడిచే తీరు మాత్రం అన్ని ఇళ్లలోనూ ఇంచుమించు ఇదే.

ఎనిమిదో నెలలో ఆమె డ్యూటీ మానేసిందనుకోండి. బిడ్డకు ఏడాది నిండేదాకా ఇంటి పట్టునే ఉందనుకోండి. మొత్తం 14 నెలలు. అన్నాళ్లూ ఇంటికొచ్చేది 16 వేలే, అయ్యే ఖర్చు 25 వేలు. నెలకు 9 వేల లోటు. 14 నెలలకు లక్షా 26 వేలు! పాపాయికి ఇంకా ఒక్క జుబ్బా కూడా కొనలేదు. ఒక్క మందుసీసా కొనలేదు. అప్పుడే లక్షా పాతిక వేలు దాటిపోయింది. అందుకే బిడ్డ బడ్జెట్ బట్టల దుకాణం దగ్గర కాదు, జీతం చీటీ దగ్గర మొదలవ్వాలి.

తొలి కానుక... 90 రూపాయలు

ఆ జీతం చీటీలో ఈఎస్ఐ అనే గడి ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ‘కటింగు’ అనే అనుకుంటారు. 2019 జులై నుంచి ఈ పథకంలో కార్మికుల వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పన్నెండు వేల జీతానికి ఆమె వాటా నెలకు 90 రూపాయలు. ఆ తొంభై రూపాయలు ఏం తెచ్చిపెడతాయో చూడండి.

బీమా ఉన్న మహిళకు మొదటి ఇద్దరు బిడ్డల కాన్పుల్లో 26 వారాల ప్రసూతి సెలవు, ఆ రోజులన్నిటికీ సగటు దినసరి వేతనం మొత్తంగా దక్కుతుంది. 2017 నుంచి వచ్చిన మార్పు ఇది. అంతకుముందు 12 వారాలే ఉండేది. కాన్పుకు ముందు 8 వారాల దాకా ఈ సెలవులో వాడుకోవచ్చు. కాన్పు వల్ల ఆరోగ్యం దెబ్బతింటే డాక్టరు ధ్రువీకరణతో మరో నెల పొడిగిస్తారు. గర్భస్రావమైతే 6 వారాలు. పై ఉదాహరణలోని భార్యకు 26 వారాలంటే సుమారు 72 వేల రూపాయలు. లక్షా 26 వేల లోటు ఒక్కసారిగా 54 వేలకు దిగుతుంది.

అయితే ఓ షరతుంది. కాన్పు జరిగే చందా కాలానికి ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కాలం, అక్టోబరు నుంచి మార్చి మరొకటి. జులైలో కాన్పు అనుకుంటే కిందటేడు ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా కట్టిన రోజుల్నే చూస్తారు. ఈ ఏప్రిల్, మేలో కట్టినవి లెక్కలోకి రావు. ఆరో నెల వచ్చాక హడావుడిగా పేరు ఎక్కించినా ఫలితం ఉండకపోవచ్చన్న మాట. నెల తప్పిందని తెలిసిన రోజునే చూసుకోవాల్సింది ఇది.

కాంట్రాక్టు పనిలో ఉన్నవాళ్లు మరో రెండు విషయాలు కనిపెట్టుకుని ఉండాలి. ఒకటి, జీతంలో కోసిన డబ్బు నిజంగా తమ పేరున జమవుతోందా లేదా. ఈఎస్ఐలో ప్రతి ఒక్కరికీ 10 అంకెల బీమా నంబరు ఉంటుంది. దాంతో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, బ్రాంచి కార్యాలయంలో అడగవచ్చు. రెండు, కాంట్రాక్టరు మారినా బీమా నంబరు మారకూడదు. కొత్త చోట చేరేటప్పుడు పాత నంబరే ఇవ్వాలి. రెండు నంబర్లయితే పనిదినాలు అక్కడిన్ని ఇక్కడిన్ని చీలిపోతాయి. డెబ్బై రోజుల దగ్గరికొచ్చేసరికి పది రోజులు తక్కువ పడతాయి. పది రోజుల తేడాకు 72 వేలు పోగొట్టుకున్నట్టే.

భార్య పనిచేయకపోయినా భర్తకు ఈఎస్ఐ ఉంటే ఆమె కాన్పు వైద్యం ఆ కార్డు మీదే అవుతుంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యానికి సనత్‌నగర్‌లో ఉంది. ఈఎస్ఐ వైద్య సదుపాయం లేని చోట... అంటే పుట్టిల్లున్న ఊళ్లో... కాన్పు జరిగితే ఖర్చుల కింద 7,500 రూపాయలు రెండు కాన్పుల వరకు ఇస్తారు. పుట్టింట్లో పురుడు పోసుకునే మన ఆనవాయితీకి ఇది అక్కరకొచ్చే నిబంధన.

ఈఎస్ఐ వర్తించని సంస్థల్లో, లేదా వేతన పరిమితి దాటినవాళ్లకు 26 వారాల జీతం యజమానే ఇవ్వాలి. దానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1948 నాటి ఈఎస్ఐ చట్టం, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం అందులో కలిసినా ఈ 26 వారాల హక్కు కొనసాగుతోంది. కాన్పు అయ్యాక 6 వారాలు ఏ యజమానీ ఆమెతో పని చేయించకూడదు. సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. భవన నిర్మాణ పనుల్లో ఉన్న మహిళలైతే కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకుని ఉండాలి. అక్కడా ప్రసూతి సాయం ఉంది.

కత్తెర ఖరీదు

కాన్పు ఎక్కడన్నది తర్వాతి ప్రశ్న. తెలంగాణలో ఇది వైద్యంతో పాటు డబ్బుకు సంబంధించిన ప్రశ్న కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు.

బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి ప్రమాదమున్నా ఆపరేషనే ప్రాణం పోస్తుంది. అందులో రెండో మాట లేదు. కానీ ముహూర్తం కోసమో, నొప్పులు భరించలేమనో అడిగి చేయించుకునే కోత బడ్జెట్‌ను కూడా కోస్తుంది. ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు. తల్లి లేచి తిరగడానికి ఎక్కువ రోజులు పడుతుంది. తోడుగా ఉండేవాళ్ల కూలి పోతుంది. తర్వాతి కాన్పు కూడా కోతే అయ్యే అవకాశం పెరుగుతుంది.

సంగారెడ్డి జిల్లా ఆసుపత్రిలో, పటాన్‌చెరు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పులు చేస్తారు. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, పరీక్షలు, మందులు, రక్తం, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ భోజనం... అన్నీ ఉచితం. ఇంటి నుంచి ఆసుపత్రికీ, తిరిగి ఇంటికీ వాహనం కూడా ఉచితమే. 102కు ఫోన్ చేస్తే సరి. బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది నిండేదాకా ఉచిత వైద్యం కూడా ఆ పథకంలో భాగమే. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఇక ప్రభుత్వమిచ్చే నగదు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో ఆడబిడ్డ పుడితే 13 వేలు, మగబిడ్డ అయితే 12 వేలు విడతల వారీగా ఇస్తామన్నారు. ప్రభుత్వాలు మారుతుంటాయి, పథకాల పేర్లు మారుతుంటాయి, విడతలు ఆలస్యమవుతుంటాయి. అందుకే బంగారంలాంటి సూత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. రావాల్సిన సొమ్ము కోసం దరఖాస్తు పెట్టాలి, అడగాలి, వెంటపడాలి. ఖాతాలో పడేదాకా బడ్జెట్‌లో మాత్రం రాసుకోకూడదు.

డబ్బాపాల లెక్క

‘పాలు సరిపోవట్లేదేమో’ అన్న ఒక్క మాట చాలు, డబ్బా ఇంట్లోకి రావడానికి. ఒకసారి వస్తే వెళ్లదు. డబ్బాపాల మీదే పెరిగే బిడ్డకు తొలి ఆరు నెలల్లో దాదాపు 20 కిలోల పొడి కావాలి. 400 గ్రాముల డబ్బాలైతే యాభై. డబ్బా 400 రూపాయలనుకున్నా 20 వేలు! సీసాలు, పీకలు, మరగబెట్టడానికి గ్యాసు వేరే. నీళ్లు శుభ్రంగా లేకపోతే విరేచనాలు, ఆసుపత్రి ఖర్చు అదనం. భూగర్భజలాలు పాడైన పారిశ్రామికవాడల పక్కన ఈ భయం ఇంకాస్త ఎక్కువే.

అదే తల్లిపాలైతే ఖర్చు తల్లి తిండిదే. కాన్పయిన గంటలోపే పాలు పట్టాలి. ముర్రుపాలు పిండి పారబోయకూడదు. ఆరు నెలలు నిండేదాకా నీళ్లు కూడా అక్కర్లేదు. ఎండాకాలమైనా సరే. గ్రైప్‌వాటర్, తేనె, చక్కెరనీళ్లు జాబితాలోంచి కొట్టేయొచ్చు. తేనె అయితే ఏడాది లోపు బిడ్డకు ప్రమాదం కూడా. బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే లెక్క. డబ్బాపాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. ఆ డబ్బా డాక్టరు చెబితేనే వాడాల్సింది.

బాలింతకు బలం కావాలి. దానికీ ఓ దారి ఉంది. 2015 జనవరి నుంచి రాష్ట్రంలో అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం పెడతారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. ఉండే చోటున్న అంగన్‌వాడీలో పేరు రాయించుకోవాలి. పుట్టింటికి వెళితే అక్కడా అడగొచ్చు.

లంగోటానా... డైపరా?

రోజుకు అయిదు డైపర్లు. ఒక్కోటి పది రూపాయలు. రోజుకు 50, నెలకు 1,500, ఏడాదికి 18 వేలు. ఇస్నాపూర్ గదికి మూడు నెలల కిరాయి! పాత నూలు చీరలు, మెత్తబడ్డ లుంగీలు చింపి కుట్టిన లంగోటాలు మన ఇళ్లలో తరతరాలుగా నడిచినవే. ఎండలో ఆరేస్తే అంతకన్నా శుభ్రం లేదు. కానీ ఇక్కడ ఓ న్యాయం చెప్పుకోవాలి. రోజుకు పదిహేను లంగోటాలు ఉతికేది తల్లే. నీళ్లు ట్యాంకరు వస్తేనే ఉండే గల్లీల్లో ఆ ఉతుకుడు మరీ కష్టం. కాబట్టి పగలు లంగోటా, రాత్రికీ ప్రయాణానికీ ఒక డైపరు. నెలకు 300తో పోతుంది. ఆ ఉతికే పనిలో నాన్న కూడా చెయ్యి వేస్తే బడ్జెట్‌తో పాటు కాపురమూ బాగుంటుంది.

బట్టలు కొద్దిగానే కొనాలి. పసిబిడ్డ బరువు అయిదు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుంది. నెల క్రితం కొన్న జుబ్బా నేడు పట్టదు. వాకర్ అసలు వద్దంటారు పిల్లల డాక్టర్లు. నడక తొందరగా రాదు సరికదా, పడి దెబ్బలు తగులుతాయి.

మరో చిన్న మాట. రసాయనాల మధ్య పనిచేసి వచ్చిన నాన్న డ్యూటీ బట్టలతోనే బిడ్డను ఎత్తుకోకూడదు. స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ముద్దులు. ఆ డ్యూటీ బట్టల్ని లంగోటాలతో కలిపి ఉతకకూడదు. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

టీకాకు టిక్కెట్టు లేదు

ప్రైవేటు ఆసుపత్రిలో కొన్ని టీకాలకు ఒక్క డోసుకే వేలల్లో అవుతుంది. ప్రభుత్వ కేంద్రంలో ఆ పెద్ద టీకాలన్నీ ఉచితం. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్. న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ 6, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండాక. ఒకప్పుడు బాగా ఖరీదనిపించిన పీసీవీ 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ పట్టికలో చేరింది. పుట్టింటికి వెళ్లినా, ఊరు మారినా టీకా కార్డు వెంట ఉంటే చాలు. కార్డు పోతే ‘ఏది వేశారో ఏమో’ అన్న తంటా మొదలవుతుంది.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడ్డానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. మూడో రోజు, ఏడో రోజు, తర్వాత వారానికోసారి నాలుగో వారం దాకా, చివరగా 42వ రోజున. గది మారితే, ఫోన్ నంబరు మారితే ఆమెకు చెప్పాలి. విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు ఆమె దగ్గరే ఉచితంగా దొరుకుతాయి. కానీ బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా, డొక్కలెగరేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా ఖర్చు లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకే బడ్జెట్‌లో ‘ముట్టుకోని డబ్బు’ కొంత ఉండాలి. కనీసం 5 వేలు బ్యాంకులో విడిగా పెట్టుకుంటే అర్ధరాత్రి ఎవరి తలుపూ తట్టాల్సిన పని ఉండదు.

ఆరో నెల... అన్నం గిన్నె

ఆరు నెలలు నిండాక పాలతో పాటు తిండి మొదలు. ఇక్కడా డబ్బా తిండి ఎదురుచూస్తూ ఉంటుంది. మన వంటింట్లో ఉన్నవేమైనా తక్కువా? బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన ఉగ్గు, రాగి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నంలో చుక్క నెయ్యి, అరటిపండు, ఉడికించిన చిలగడదుంప, గుడ్డు. నెలకు 800 రూపాయలు పెడితే బిడ్డ కడుపు నిండుతుంది. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు. నెలకు రెండున్నర కిలోల పొట్లం. గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిపి తయారైన పిండి అది. గుడ్లూ ఇస్తారు. ఆ పొట్లం ఇంటిల్లిపాదీ తినేది కాదు, బిడ్డది!

ఈ జాగ్రత్త ఎందుకంటే, అదే సర్వేలో రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. తొలి ఏడాది తిండి దగ్గర చేసే పొదుపు, పొదుపు కాదు. బొమ్మల దగ్గర, బట్టల దగ్గర చేయొచ్చు. గుడ్డు దగ్గర చేయకూడదు.

నమూనా పద్దు

ఇప్పుడు అన్నీ ఒకచోట వేసి చూద్దాం. ప్రభుత్వ లేదా ఈఎస్ఐ ఆసుపత్రిలో కాన్పు, తల్లిపాలు, ఉచిత టీకాల దారిలో నడిచిన ఇంటి అంచనా ఇది.

కాన్పు సమయంలో రాకపోకలు, తోడు ఉన్నవాళ్ల ఖర్చు - 5,000
బాలింత అదనపు తిండి, నెలకు 1,500 చొప్పున 6 నెలలు - 9,000
డైపర్లు, నెలకు 300 చొప్పున - 3,600
డాక్టరు, మందులు - 6,000
బట్టలు, దోమతెర, పక్కబట్టలు - 4,000
ఆరో నెల తర్వాత బిడ్డ తిండి, నెలకు 800 చొప్పున - 4,800
తొట్టెల, పుట్టినరోజు - 10,000
మొత్తం - 42,400

అదే ప్రైవేటు ఆపరేషనుకు 60 వేలు, డబ్బాపాలకు 20 వేలు, డైపర్లకు 18 వేలు, టీకాలకు 20 వేలు, డాక్టరుకు 12 వేలు, బట్టలు ఉయ్యాలలకు 15 వేలు, ఫంక్షన్లకు 60 వేలు అనుకుంటే 2 లక్షల 5 వేలు!

మొదటి దారినే తీసుకుందాం. జీతం లోటు ఈఎస్ఐ పోను 54 వేలు. పాపాయి ఖర్చు 42,400. మొత్తం 96,400. దీన్ని ఎలా పూడ్చాలి? నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి ఆమె డ్యూటీ మానే దాకా ఉన్న అయిదు నెలల్లో మిగిలే 3 వేలు దాస్తే 15 వేలు. నడుస్తున్న చిట్టీ ఆలోగా పూర్తయితే, కొత్తది మొదలుపెట్టకపోతే 14 నెలలకు 42 వేలు మిగులు. రెండూ కలిపి 57 వేలు. ఇంకా 39,400 లోటు. బిడ్డకు ఎనిమిది నెలలు నిండాక తల్లి తిరిగి పనిలో చేరగలిగితే నాలుగు నెలల లోటు, అంటే 36 వేలు, తగ్గుతుంది. మిగిలేది 3,400. నాలుగు ఓటీలతో, కాస్త సర్దుబాటుతో గట్టెక్కే అంకె అది.

ఇదే ఇంట్లో ఈఎస్ఐ లేదనుకోండి. ఆ 72 వేలు అప్పే. నూటికి మూడు రూపాయల మిత్తి అయితే నెలకు 2,160 రూపాయలు. బిడ్డ అన్నం గిన్నెకు నెలనెలా పెట్టే ఖర్చుకు రెండింతల పైనే! అసలు అలాగే ఉంటుంది. రెండో ఏడాది బిడ్డ నడుస్తుంటే వెనకాలే అప్పు కూడా నడుస్తుంటుంది.

మళ్లీ డ్యూటీకి...

‘ఏందక్కా, డ్యూటీకి ఎప్పటినుంచి వస్తవ్?’ అని తోటి కార్మికురాలు అడిగితే చాలామంది తల్లుల దగ్గర జవాబుండదు. ఎందుకంటే అది సెలవుల ప్రశ్న కాదు, బిడ్డను ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్న. నారాయణఖేడ్ నుంచి అత్తమ్మ రాగలిగితే ఒక దారి. భార్యాభర్తలు వేర్వేరు షిఫ్టులు వేయించుకుంటే ఇంకో దారి. అందులో ఇద్దరికీ నిద్ర కరవు. 50 మందికి పైగా పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలివ్వాలనీ చట్టం చెబుతోంది. శిశు సంరక్షణ కేంద్రం నిబంధన 2017 నుంచీ ఉంది. అడిగేవాళ్లు ఒక్కరైతే గేటు దగ్గరే జవాబొస్తుంది. లైనులో ఉన్న ఆడవాళ్లంతా కలిసి అడిగితే యాజమాన్యం వినక తప్పదు.

పనికి వెళ్లే తల్లి శుభ్రమైన గిన్నెలో పాలు పిండి మూతపెట్టి వెళితే గదిలో నాలుగు గంటల దాకా బాగానే ఉంటాయి. చెంచాతో పట్టించొచ్చు.

ప్రైవేటు ఉద్యోగాల్లో నాన్నలకు సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు. కాబట్టి నాన్నలు తమ సెలవుల్ని పండక్కో పెళ్లికో ఖర్చు చేయకుండా కాన్పు వారానికి దాచుకోవాలి. ఆ వారం నాగాలకు పోయే కూలి కూడా బడ్జెట్‌లో రాసుకోవాల్సిందే.

ఒకరి సంపాదన మీద నడిచే ఏడాది కాబట్టి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికుల్ని బలి తీసుకుంది. పనిలో ప్రమాదం జరిగి సంపాదించే మనిషి పోతే ఈఎస్ఐ ఉన్న కుటుంబానికి వేతనంలో 90 శాతం నెలనెలా అందుతుంది. బ్యాంకు ఖాతా ద్వారా ఏటా 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయలతో జీవనజ్యోతి బీమా తీసుకోవచ్చు. ఒక్కోటీ 2 లక్షలకు. వీటిలో నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో బిడ్డ పుట్టకముందే చూసుకోవాలి.

కాగితాలు... కాలం దాటకుండా

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు కావాలి. అప్పుడు రుసుము లేదు. పేరు ఖాయం కాకపోయినా ఫర్వాలేదు, 12 నెలల్లోగా ఉచితంగా చేర్పించొచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరిక నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారం. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోవాలి. ఇప్పుడు పది నిమిషాల పని, తర్వాత పది తిరుగుళ్లు. పాప అయితే, చేతిలో కాస్త ఆడినప్పుడు తపాలా కార్యాలయంలో సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు. ఏటా కనీసం 250 రూపాయలు కట్టినా నడుస్తుంది. అప్పు తెచ్చి మాత్రం కాదు. ముందు అప్పు తీరాలి, తర్వాతే పొదుపు.

వేడుక... వేడి తగ్గాక

ఇరవయ్యొకటో రోజు తొట్టెల. ఆ తర్వాత అన్నప్రాసన. బొంతపల్లి వీరన్న దగ్గరో, ఏడుపాయల్లోనో, ఝరాసంగంలోనో పుట్టు వెంట్రుకలు. చివరికి ఫంక్షన్ హాల్లో తొలి పుట్టినరోజు... ఫ్లెక్సీ, కేకు, రెండొందల మందికి భోజనాలు. ‘వాళ్లు చేశారు, మనం చెయ్యకపోతే ఏం బాగుంటుంది?’ అన్న మాట బడ్జెట్‌కు పెద్ద చిల్లు. మొక్కు దేవుడికి చెల్లించాలి, నిజమే. దానికి బస్సు టిక్కెట్లు, టెంకాయ చాలు. దేవుడెప్పుడూ క్యాటరింగ్ అడగలేదు. చుట్టాలు పెట్టే చదివింపుల్ని కూడా గాజులు, వెండి గిన్నెల రూపంలో కాకుండా బిడ్డ పేరున ఖాతాలో వేయమని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఏడాది తిరిగేసరికి పుట్టినప్పటికి మూడింతలు బరువు తూగే బిడ్డ, టీకాలన్నీ పడ్డ కార్డు, మిత్తి కట్టక్కర్లేని ఇల్లు... ఈ మూడూ ఉన్న గదిలో అరకిలో మిఠాయి పంచినా అది పెద్ద వేడుకే. ఆ వేడుకకు ఖర్చు రాసుకోవడం మాత్రం గిలక్కాయ కొన్న రోజున కాదు, నెల తప్పిందని తెలిసిన రోజున జీతం చీటీ చేతిలోకి తీసుకుని మొదలుపెట్టాలి.